‘ఏం మార్చినావు?’ అని అడిగే మేస్త్రీ

షెడ్డు మేస్త్రీ పోయాడన్న కబురు నాకు గొర్రెల మందలో తెలిసింది. సోమందేపల్లెకు పడమటి పక్క ఒక గుట్ట కింద టీకాలు వేస్తున్నాను. మంద కాసే పెద్దాయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడి, ఫోను జేబులో వేసుకొని, ఇంకో గొర్రెను నా ముందుకు నెడుతూ అన్నాడు.

“డాక్టరమ్మా, హైవే పక్క షెడ్డు మేస్త్రీ పోయినాడంట. నీ బండి చేసే ఆయప్పే కదా? నిన్న మధ్యాన్నం అన్నం తిని పండుకున్నోడు లేయలేదంట. ఈ పొద్దు పదకొండుకు ఎత్తుతారంట.”

టైము పది దాటింది. టీకా మందు సీసాలు అప్పుడే కలిపేసి ఉన్నాను. కలిపిన మందు రెండు గంటలు దాటితే పనికిరాదు. ఇంకా నూట యాభై గొర్రెలున్నాయి. పెద్దాయన నా ముఖం చూసి “పోయి రామ్మా, ఇవి యాడికి పోతాయి” అన్నాడు. గొర్రెలు ఎక్కడికీ పోవు, మందు పోతుంది. ఆ మందు ఆఫీసు నుంచి మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేను. వంగి సూది పొడుస్తూనే ఉన్నాను. అన్నీ అయ్యేసరికి పన్నెండు. షెడ్డు దగ్గరికి చేరేసరికి మనుషులు మట్టి చేసి వచ్చి, డ్రమ్ము దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆఖరిచూపు నాకు దక్కలేదు.

నేను పశువుల డాక్టరును. పదహారేళ్ళుగా ఈ మెట్ట మండలాల్లోనే తిరుగుతున్నాను. మేస్త్రీని గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను గానీ, ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆయనకు నేనొకసారి అబద్ధం చెప్పాను. చిన్నదే. దాన్ని ఒప్పుకోవడానికి నాకు రెండేళ్ళ వ్యవధి ఉండింది. ఒప్పుకోలేదు. ఆయన పోయాడు. ఇప్పుడిది మీతో చెప్పుకోవడం తప్ప నాకు వేరే దారి లేదు.

మా పని మీకు తెలియకపోవచ్చు. మందలు రోడ్డు పక్కన ఉండవు. రోడ్డు అయిపోయి, బండ్లబాట అయిపోయి, వంకలో మోకాటి లోతు ఇసుక దాటి, రాళ్ళ మీద ఎక్కితే అక్కడ ఉంటాయి. మామూలు కారుతో రెండేళ్ళు తిరిగాను. ఇసుకలో దిగబడిన ప్రతిసారీ గొర్రెల కాపర్లే తోశారు. వైద్యం చేయడానికి పోయిన మనిషిని రోగి తాలూకు వాళ్ళు మోసినట్టు ఉండేది. ఆఖరికి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం బండి కొనాలని నిశ్చయించుకున్నాను. కొత్తది కొనే తాహతు లేదు. పాతదే. చూడడానికి బెంగళూరు పోతూ మేస్త్రీని వెంట రమ్మన్నాను.

అమ్మేవాడి ఆవరణలో రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి అద్దంలా మెరుస్తోంది. రెండోది గోధుమరంగు, పక్కన ఒక సొట్ట. నేను మెరిసేదాని చుట్టూ తిరుగుతుంటే మేస్త్రీ రెంటి కిందా దూరి, ఇరుసుల దగ్గర బోల్టులు వదులు చేసి, ఒక్కొక్క చుక్క నూనె వేలి మీదికి తీసుకొని బయటికి వచ్చాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్ది, ఎండకు పట్టి చూశాడు.

“దీంట్లో కొత్త నూనె పోసినాడు” అన్నాడు మెరిసేదాన్ని చూపించి.

“మంచిదే కదన్నా?”

“ఏం మంచిదమ్మా? పాత నూనె ఉంటే అది ఏం తిన్యాదో నాకు చెప్తాది. ఇనుము తింటే తళుక్కుమంటాది. అమ్మే ముందర కడిగేసినాడంటే కడగాల్సింది ఏదో ఉండాదనే కదా. దీన్ని సూడు, నల్లగా ఉండాది, కంపు కొడతాంది. తళుకు లేదు. ఇది తీసుకో.”

అమ్మేవాడికి కోపం వచ్చింది. మేస్త్రీ పట్టించుకోలేదు. సొట్ట బండిని నాచేత నడిపించాడు. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, యాక్సిలరేటరు మీద కాలు పెట్టకుండా, మెల్లగా చుట్లు కొట్టమన్నాడు. ఎడమకు పది, కుడికి పది. తను మధ్యలో నిలబడి నేల చూస్తున్నాడు. బండి వైపు చూడడు. తల వంచి, ఒక చెవి బండికి ఇచ్చి, అలాగే ఉంటాడు. అయ్యాక “పోదాం పా” అన్నాడు. ఆ గోధుమరంగు బండే ఇప్పటికీ నాది.

చుట్లు కొట్టించడం ఆయన పద్ధతి. నాలుగు చక్రాలూ లాగే బండికి జబ్బు ఉంటే తిన్నని రోడ్డు మీద దాక్కుంటుందనీ, ఇరుకు మలుపులో దాక్కోలేదనీ అనేవాడు. మలుపులో ఒక్కో చక్రం ఒక్కో దూరం పోవాలి. పోనీయకుండా ఎక్కడో బిగపట్టి ఉంటే అక్కడ మూలుగుతుంది. ఆయన షెడ్డు పక్కన ఖాళీ జాగా ఉంది. ఏళ్ళ తరబడి జీపులూ, కొండ దారుల బండ్లూ చుట్లు కొట్టీ కొట్టీ అక్కడ ఎర్రమట్టిలో గుండ్రంగా ఒక గాడి పడిపోయింది. షెడ్డు వెనకాలే ఇల్లు. ఇంట్లో మేస్త్రీ భార్య మగ్గం నేసేది. బయట బండి చుట్లు, లోపల మగ్గం చప్పుడు. ఈ రెండూ వింటూ ఆ ప్లాస్టిక్ స్టూలు మీద నేను ఎన్ని పూటలు కూర్చున్నానో లెక్క లేదు.

మేస్త్రీ కూడా ధర్మవరం నేతవాళ్ళ బిడ్డే. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చోలేక చిన్నప్పుడే లారీ షెడ్డుకు పారిపోయాడట. ఆ మాట చెప్పి నవ్వేవాడు. పారిపోయినా పట్టు ఆయన్ని వదల్లేదు. అందరు మేస్త్రీలూ పాత గుడ్డలతో గ్రీజు తుడుచుకుంటే ఈయన మగ్గం కింద పడే పట్టు పీచుతో తుడుచుకునేవాడు. దాని ముందు ఏ గుడ్డా పనికిరాదని వాదించేవాడు. ఆయన భార్యకు ఇది నచ్చేది కాదు. “అంతా ఎత్తకపోయి నూనెలో ముంచుతాండాడు” అని నాతో ఫిర్యాదు చేసేది.

ఎవరు బండి తెచ్చినా మొదట అడిగే మాట ఒకటే. “ఏం మార్చినావు?” ఏమైంది అని అడగడు. ఎప్పటినుంచి అని అడగడు. అవి తర్వాత. మూలుగు మొదలయ్యే ముందు బండిలో ఏం మారిందో చెప్పమంటాడు. బోల్టైనా సరే, నూనె అయినా సరే, పైన వేసే గుడ్డ అయినా సరే.

“ఎవురో గేర్‌బాక్స్ పోయిందన్నారు” అని వస్తారు చాలామంది. “ఎవురు చెప్పినారు? గేర్‌బాక్స్ చెప్పిందా?” అని కసురుకునేవాడు. ఒకసారి బుక్కరాయసముద్రం నుంచి ఒకాయన జీపును లారీకి కట్టి లాక్కొని వచ్చాడు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం పంచే డబ్బా మొత్తం మార్చాలని ఇంకేదో షెడ్డులో అన్నారట. మేస్త్రీ ఏం మార్చినావని అడిగితే ఏమీ లేదన్నాడు. టీ తాగించి మళ్ళీ అడిగితే అప్పుడు, వెనక బ్రేకులు తానే ఇంటి దగ్గర విప్పి బిగించుకున్నానని నసిగాడు. బ్రేకు వదలకుండా చక్రాన్ని పట్టుకొనే ఉంది. అరగంటలో జీపు నడుచుకుంటూ పోయింది. జీపాయన వెళ్ళిపోయాక నేను మేస్త్రీతో అన్నాను, “ముందే నిజం చెప్పుంటే ఇంత దూరం లాక్కొచ్చే పని లేదు కదన్నా, ఎంత అబద్ధాలకోరు!” అని.

“అబద్ధం కాదులేమ్మా. సిగ్గు” అన్నాడు పట్టు పీచుతో చేతులు తుడుచుకుంటూ.

అప్పుడు నేనూ నవ్వాను. నా వంతు వస్తుందని తెలియదు.

మాది బెళుగుప్ప దగ్గర పల్లె. శనక్కాయ పండితే తిన్నాం, పండకపోతే లేదు. మా నాయన చెప్పుల్లో ఒకటి అరిగిపోతే ఆ ఒక్కటే కొత్తది కుట్టించుకునేవాడు. రెండోదానికి ఇంకా ఆయుష్షు ఉంది కదా అనేవాడు. ఎప్పుడూ ఆయన కాళ్ళకు ఒకటి ముసలిది, ఒకటి వయసుది. ఆ ఇంట్లో పెరిగినదాన్ని. బాగున్న వస్తువును పారేయడం నాకు చేత కాదు. మా ఊళ్ళలో ఎవరికీ చేత కాదు.

బండి కొన్నప్పుడే మేస్త్రీ నాకు గట్టిగా చెప్పాడు. “ఈ రకం బండికి టైర్లు మారిస్తే నాలుగూ మార్చు, లేకుంటే నాలుగూ అట్లే తిప్పు. రెండు మార్చి రెండు పెట్టుకోవద్దు.” ఎందుకని అడిగితే మగ్గం వైపు చెయ్యి చూపించాడు. “పడుగులో కొన్ని పోగులు బిగువు, కొన్ని వదులు ఉంటే ఏమైతాది? నేస్తానే ఉంటావు, యాడో ఒగ చోట తెగుతాది. ముందర చక్రం ఒగ తీరుగా, ఎనక చక్రం ఒగ తీరుగా తిరిగితే ఆ తేడా అంతా నడుమ డబ్బా మోయల్ల. పాపం అది ఎంతకని మోస్తాది?”

బుర్ర ఊపాను. తర్వాత ఏడాదికి ముందు రెండు టైర్లు రాళ్ళకు కోసుకుపోయాయి. వెనక రెండింటికీ ఇంకా ఆయుష్షు ఉంది. నాలుగూ మార్చాలంటే మనసు రాలేదు. అనంతపురంలో పాత టైర్లు అమ్మేచోట వెతికి, అదే కంపెనీవి, అవే గీతలవి, రెండు పాత టైర్లు ముందుకు వేయించుకున్నాను. కాస్త అరుగుదల తక్కువ, అంతే. వారం దుమ్ములో తిరిగేసరికి నాలుగూ ఒక ఈడువే అన్నట్టు కనిపించాయి. నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

రెండు నెలలకు బండి మూలగడం మొదలుపెట్టింది. ఇరుకు మలుపుల్లో వెనకనుంచి సన్నగా ఏడ్చినట్టు సద్దు. ఆపబోతే ఒక కుదుపు. కిందినుంచి కాలిన నూనె వాసన. షెడ్డుకు తీసుకుపోయాను.

“ఏం మార్చినావు?” అన్నాడు మేస్త్రీ.

“ఏమీ లేదన్నా” అన్నాను.

ఎందుకన్నానో ఇన్నాళ్ళూ ఎన్నో రకాలుగా చెప్పుకున్నాను. టైర్లకూ దీనికీ సంబంధం లేదనుకున్నానని చెప్పుకున్నాను. అది కొంతే నిజం. వద్దని చెప్పిన పని చేశానని ఆ మనిషి ముఖం మీద ఒప్పుకోలేకపోయాను. చదువుకున్నదాన్ని, ఊరంతా డాక్టరమ్మా అంటారు, ఒక్క చెప్పే మార్చుకునే మా నాయన బుద్ధి బయటపడుతుందని సిగ్గుపడ్డాను.

మేస్త్రీ నా మాట నమ్మాడు. అదే ఆయన చేసిన తప్పు. మామూలుగా ఎవరి మాటా ఒక్కసారికే నమ్మడు, రెండు సార్లు అడుగుతాడు. నన్ను రెండోసారి అడగలేదు.

మొదటి రోజు చుట్లు కొట్టించాడు. సద్దు విన్నాడు. దిగి వెనక ఇరుసు మధ్యలోని ఇనుప గుండు మీద చెయ్యి పెట్టి, చప్పున తీసేశాడు. కాలిపోతోంది. నూనె దించి చూశాడు. తళుకు లేదు. కొత్త నూనె పోసి తిప్పితే మళ్ళీ సద్దు. రెండో రోజు వెనక చక్రాలకు బలం మోసుకుపోయే పొడుగు రాడ్డును విప్పి పక్కన పెట్టి, ముందు చక్రాలతోనే నడపమన్నాడు. సద్దు లేదు. అంటే జబ్బు ముందుకూ వెనక్కూ మధ్య సంబంధంలో ఉంది. రాడ్డు జాయింట్లు చేత్తో తిప్పి చూశాడు. ఒక్కటీ వదులు లేదు. మూడో రోజు పంచే డబ్బా దించి, నేలమీద గోనెపట్టా పరిచి, ముక్క ముక్కా విప్పి వరసగా పెట్టాడు. ఎండాకాలం. రేకుల కింద షెడ్డు ఉడికిపోతోంది. లోపలి బిళ్ళలు కాస్త నల్లబడ్డాయి, అంతకు మించి ఏమీ లేదు. అన్నీ కడిగి మళ్ళీ బిగించి, మళ్ళీ చుట్టు కొట్టిస్తే బండి అదే ఏడుపు.

నేను స్టూలు మీద కూర్చొని ఇదంతా చూస్తున్నాను. రెండో రోజు సాయంత్రానికే నాకు అనుమానం వచ్చింది. మూడో రోజుకు అనుమానం కాదు. ఆయన బండి కిందినుంచి దగ్గుతూ బయటికి రావడం చూస్తూ, అన్నా, టైర్లు, అనే రెండు మాటలు నోట్లోనే పెట్టుకొని కూర్చున్నాను. ఒకసారి అబద్ధమాడాక, మూడు రోజుల పని చేయించుకున్నాక, చెప్పడం ఇంకా కష్టమైంది. ఇది రాస్తుంటే నామీద నాకే చీదర వేస్తోంది.

మూడో రోజు పొద్దు వాలేవేళ ఆయన చుట్టు గాడి మధ్యలో చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నా కిటికీ దగ్గరికి వచ్చి అడిగాడు.

“డాక్టరమ్మా, నీకు వినపడతాండాదా ఆ సద్దు? యాణ్ణుంచి వస్తాంది చెప్పు.”

ఆయన నన్ను అలా అడగడం అదే మొదలు. “వెనకనుంచే అన్నా” అన్నాను. నమ్మకం చాలక ఇంటివైపు కేక వేశాడు. మగ్గం ఆగింది. ఆయన భార్య గడపలోకి వచ్చి, చేతిలో పోగు అలాగే పట్టుకొని, నేను ఒక చుట్టు తిరిగేంతసేపు విన్నది.

“ఎనకనే. బిగపట్టినట్టు ఏడుస్తాంది” అని లోపలికి పోబోయింది.

బిగపట్టినట్టు అన్న మాట వినగానే మేస్త్రీ తల ఎత్తాడు. “ఆగు. సాగని పోగు ఒగటి ఇయ్యి, బారెడు బారెడు రెండు బారలు” అన్నాడు.

ఆమె మెలిపెట్టిన పట్టు పోగు ఇచ్చింది. మేస్త్రీ జాకీ వేసి ఒక్కొక్క చక్రం లేపి, ఆ పోగును టైరు చుట్టూ తిప్పి, కలిసిన చోట ముడి వేశాడు. వెనక రెండు చక్రాలకు ఒకే ముడి సరిపోయింది. ముందు చక్రాల దగ్గర ఆ ముడి కలవలేదు, పోగు చాల్లేదు. ఇంకో ముడి వేయాల్సి వచ్చింది. రెండు ముళ్ళ మధ్య రెండు వేళ్ళ ఎడం. ముందర రెండో చక్రానికి కూడా అంతే. ఆయన పోగును సాగదీసి ఎండకు పట్టి చూస్తున్నాడు. నేను బండి దిగాను. ఇప్పుడు తిడతాడు, తిట్టాల్సిందే, అనుకున్నాను.

మేస్త్రీ ఆ నేలమీదే కూర్చుండిపోయాడు. నవ్వాడు. ముఖమంతా నవ్వాడు.

“అయితే నా చెవి బాగుండాది” అన్నాడు.

అంతే. టైర్లు ఎప్పుడు వేయించావని అడగలేదు. ఎందుకు చెప్పలేదని అడగలేదు. “నీ మాట నమ్మి ఆ పక్క సూడనే లేదమ్మా, నాలుగూ ఒగ తీరువి ఏయించుకో” అని మాత్రం అన్నాడు. ఆ రెండు ముళ్ళ పోగును తీసుకొచ్చి నా బండి అద్దానికి కట్టాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. నేను నాలుగు టైర్లు వేయించాను, సద్దు పోయింది. ఆ తర్వాత ఆయన ఏం మార్చినావని అడిగిన ప్రతిసారీ వైపరు రబ్బరు దాకా చెప్పేదాన్ని. పాత మాట మాత్రం ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. మరిచిపోయి ఉంటాడులే అని నిశ్చింతగా ఉన్నాను.

మట్టి చేసిన రోజు మేస్త్రీ భార్యతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేకపోయాను. నెల దాటాక మళ్ళీ వెళ్ళాను. ఆ పొద్దు రెండు మందలు చూసి, దారిలో ఒక టైరు రాయికి చీలిపోతే స్టెప్నీ వేసుకొని, మట్టి కొట్టుకుపోయి షెడ్డు చేరాను. షట్టరు దించి ఉంది. లోపలినుంచి మగ్గం చప్పుడు వస్తోంది. ఆమె నన్ను చూసి, లేచి నీళ్ళిచ్చి, మళ్ళీ మగ్గంలో కూర్చుంది.

“పడుగు ఎక్కించి ఉండాది కదమ్మా, ఇడిసిపెట్టేకి కాదు” అంది, నేను అడగకుండానే.

నేను నీళ్ళు తాగి మగ్గం పక్కన కూర్చున్నాను. తర్వాత ఆమె నేస్తూనే ఆ మూడు రోజుల సంగతి తీసింది. మేస్త్రీ ఎవరికీ చెప్పవద్దన్నాడట.

“రెండో పొద్దు ఇంట్లోకొచ్చి మగ్గం పక్కన కూసున్యాడు. ఒగ చెవి మూసుకుంటాడు, ఇంటాడు. ఇంగో చెవి మూసుకుంటాడు, ఇంటాడు. ఏమప్పా అంటే, నా చెవి పోయిందే అన్నాడు. అన్నం పెడితే తిన్లేదు. మూడో పొద్దు డబ్బా బిగిచ్చినాక పానాలు, సుత్తులు అన్నీ గోనెసంచిలో ఏసి కట్టినాడు. చెవి పోయిన మేస్త్రీ ఎవురికి కావాల, నీ బండే ఆఖరు, ఇంగ షెడ్డు మూస్తానన్నాడు. ఆ సాయంత్రం పోగుతో కొల్సి ఇంట్లోకి వచ్చినాక సంచి ఇప్పుకున్యాడు. ఆకలి ఆకలి అని రెండు తూర్లు పెట్టిచ్చుకొని తిన్యాడు.”

మూడు రోజుల చాకిరీ చేయించానని మాత్రమే ఇన్నాళ్ళూ బాధపడ్డాను. ఆయన ముప్పై ఏళ్ళ నమ్మకాన్ని పట్టుకొని ఊపేశానని తెలియదు. నోట్లో ఉన్న ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన ఆ రెండు పూటలూ తన చెవులు తాను మూసుకొని కూర్చునేవాడు కాదు.

“అక్కా, ఆ టైర్ల సంగతి నాకు తెలుసు. అన్న అడిగితే లేదని చెప్పినా” అన్నాను. అన్నాక ఏడుపు ఆగలేదు.

ఆమె చెయ్యి ఆపలేదు.

“తెలుసులేమ్మా. ఆయప్పకీ తెలుసు. రెండు చక్రాలు ఇప్పి ఏయించుకున్న మనిషి మరిచిపోతాదా అన్నాడు. నాకు కోపం వచ్చింది, నిజం చెప్పల్ల. అడగపోయినావా అంటి. వచ్చినప్పుడల్లా ఏం మార్చినావని అడుగుతానే ఉంటా కదా, ఒగ పొద్దు చెప్తాదిలే అన్నాడు.”

రెండేళ్ళుగా ఆయన ఆ మాట అడిగిన ప్రతిసారీ నేను కొత్త వైపరు గురించీ, నూనె గురించీ చెబుతూ వచ్చాను. ఆయన విని తల ఊపేవాడు. రవ్వంత ఆగి, ఇంకేమన్నా ఉందా అన్నట్టు చూసేవాడు. అది ఆయన అలవాటు అనుకున్నాను.

చాలాసేపటికి లేచాను. ఆమె గడప దాకా రాలేదు, పోయి రామ్మా అని మగ్గంలోంచే అంది. బండి తీసి రోడ్డు వైపు తిప్పబోయాను. ఆ షెడ్డు దగ్గర ఒక చుట్టు కొట్టకుండా నా బండి ఎప్పుడూ రోడ్డెక్కలేదు. ఆయన ఎక్కనిచ్చేవాడు కాదు. చేతులు వాటంతటవే స్టీరింగును పూర్తిగా తిప్పాయి. ఆ ఎర్రమట్టి గాడిలో బండి మెల్లగా తిరగసాగింది. అద్దానికి కట్టిన పోగు ఊగుతోంది.

సగం చుట్టు తిరిగానో లేదో లోపల మగ్గం ఆగిపోయింది. ఆమె గడపలోకి వచ్చి నిలబడింది. తల కొంచెం వంచి, నేల చూస్తూ వింటోంది. చెయ్యి ఎత్తింది. బండి ఆపాను.

“ఏం మార్చినావు?” అంది.

“స్టెప్నీ అక్కా. ఎనక కుడి పక్క. పాతది, ఈ మూడింటితో జత కాదు. ఈడికొచ్చే తోవలో టైరు చీలితే ఏసినా. చెప్పేకి మరిచిపోయినా” అన్నాను గబగబా, ఎవరో నా నోరు మూసేలోగా చెప్పేయాలన్నట్టు.

“సరే. నిదానంగా పో. రేపే తీసేయ్” అని ఆమె లోపలికి పోయింది. కాసేపటికి మగ్గం మళ్ళీ మొదలైంది.

మిగిలిన సగం చుట్టు తిరగాలి. గాడి మధ్యలో, ఏ చక్రమూ ఎప్పుడూ తొక్కని చోట, ఆయన నిలబడీ నిలబడీ రెండు మడమల గుంతలు పడి ఉన్నాయి. వాటిలో కొంచెం దుమ్ము చేరింది. వాటి చుట్టూ మెల్లగా తిప్పుకొని రోడ్డెక్కాను.